పరిమళ ముగ్గు వెయ్యని రోజు

పరిమళకి కోపం ముక్కు మీదే ఉంటుంది. నెల్లితోపులో వాళ్ళ వీధికంతటికీ ఆ సంగతి తెలుసు. కోపమొస్తే అన్నం మానేస్తుంది, మాట మానేస్తుంది, ఒకసారి జడ వేయించుకోవడం కూడా మానేసి పూటంతా దయ్యంలా తిరిగింది. పదమూడేళ్ళ పిల్ల, మానేయడం తప్ప దాని చేతిలో ఇంకేముంది పాపం! కానీ ఆ మే నెలలో అది మానేసిన ఒక్క పని వీధినంతా ఏడిపిస్తుందని ఎవరూ అనుకోలేదు. అనుకుని ఉంటే ముందురోజే ఓ జిలేబీ చేతిలో పెట్టి బుజ్జగించేవాళ్ళు.

అది రెండువేల ఇరవై ఐదు మే. పాకిస్తాన్‌తో యుద్ధమని టీవీలు గొంతు చించుకుంటున్న రోజులు. సరిహద్దు ఎక్కడ, పుదుచ్చేరి ఎక్కడ! అయినా ఆ వీధికి ఊరుకోబుద్ధి కాలేదు. మిల్లులో పనిచేసి రిటైరైన కుప్పన్ అనే ఆయన ఉన్నాడు. వీధి సంఘానికి తనను తానే అధ్యక్షుణ్ణి చేసుకున్నాడు. ఆయన ఫోనులో ఒక వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపులో వీధంతా. బియ్యం నిల్వ పెట్టుకోండి అని ఒక మెసేజీ, కిటికీలకు నల్లకాగితం అంటించండి అని ఇంకొకటి, కొత్త మొహాలు కనబడితే కనిపెట్టి ఉండండి అని మరొకటి. ఎవరు పంపారో తెలీదు, ఎందుకు పంపారో తెలీదు, వచ్చింది వచ్చినట్టు ఇటు తోసెయ్యడమే ఆయన పని. జనాలు కూడా చదివి, గుండెలు బాదుకుని, మళ్ళీ పప్పులో తాళింపు వేసుకునేవాళ్ళు.

ఆ వీధిలో కొత్త మొహాలంటే రెండే. పరిమళ వాళ్ళ అవ్వ సౌభాగ్యం ఇంటి మిద్దె మీద బాడుగకున్న ఇద్రీస్, ఆయన కూతురు తస్నీమ్. సూడాన్ వాళ్ళు. కాలాపేట యూనివర్సిటీలో ఇద్రీస్ ఉప్పునేలల మీద పరిశోధన చేస్తున్నాడు. ఏడాదిన్నర నించీ అక్కడే ఉంటున్నా వీధికి వాళ్ళు కొత్త మొహాలే. తెల్లగా ఉన్న ఫారిన్‌వాళ్ళు దారితప్పి వీధిలోకొస్తే కొబ్బరినీళ్ళు తాగించి ఫొటో దిగే కుప్పన్, ఈ తండ్రీకూతుళ్ళు ఎదురైతే మాత్రం తల అటు తిప్పుకుని పోయేవాడు. 'నల్లోళ్ళు' అని వెనకాల అనుకునేవాళ్ళు. ఆ అనేవాళ్ళంతా ఏమైనా వెన్నముద్దలా అంటే, అదీ లేదు. కుప్పన్‌ని చీకట్లో వెతకాలంటే ఆయన పళ్ళే దిక్కు.

తస్నీమ్‌దీ పరిమళ వయసే. ఒకే బడి, ఒకే తరగతి. స్నేహం మాత్రం బడిలో కాదు, వాకిట్లో మొదలైంది. పరిమళ నాన్నకి యానాం బదిలీ అయి అమ్మతో సహా అక్కడికి పోయాడు, చదువు పాడవకూడదని పిల్లని అవ్వ దగ్గర ఉంచాడు. అవ్వకు మోకాళ్ళ నొప్పి, వంగలేదు. అందుకని పొద్దున్నే వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, ముగ్గు వేయడం పరిమళ పని అయింది. రోజూ మెట్ల మీద కూచుని తస్నీమ్ అది చూసేది. చూసి చూసి ఒకరోజు అడిగింది, ఇది ఎందుకు వేస్తారని.

"మా ఇంట్లో అందురం బాగుండామని వీధికి చెప్పేదానికి" అంది పరిమళ.

"బాగలేకుంటే?"

"ఎవురన్నా చచ్చిపోతే ఎయ్యం. వాకిట్లో ముగ్గు లేకుంటే సావిల్లని అర్థం. అప్పుడు ఎవురూ అడగరు, వాళ్ళే వస్తారు."

"మా ఊళ్ళో ఇంటి ముందు కుర్చీలేస్తారు, చాపలేస్తారు. దూరం నించి అవి చూస్తేనే తెలిసిపోతుంది. ఎవురూ చెప్పల్సిన పన్లేదు" అంది తస్నీమ్.

"ఈడా ఏస్తార్లే కుర్చీలు" అని పరిమళ పిండి దాని చేతిలో పోసింది. గీత ఎలా వదలాలో వేళ్ళు పట్టుకుని నేర్పింది. మొదట్లో ఆ గీతలు ఎండ్రకాయ నడిచినట్టుండేవి, రెండు నెలల్లో పరిమళ గీతలకంటే సన్నగా వచ్చాయి. దాని తెలుగూ ఆ మెట్ల మీదే, పరిమళ మాటలు వింటూ వచ్చింది. అందుకే సూడాన్ పిల్ల నోట్లో అచ్చంగా నెల్లితోపు తెలుగు పలికేది. కానీ అవ్వ ఒక హద్దు పెట్టింది. "అది యాడన్నా ఏసుకోనీ, మెట్ల కింద ఏసుకోనీ. నా వాకిట్లో మాత్రం మా ఇంటి పిల్లే ఎయ్యల్ల" అంది. కాబట్టి తస్నీమ్ ముగ్గు మెట్ల కింద, పరిమళ ముగ్గు వాకిట్లో. పరిమళకి అవ్వ మీద ఒళ్ళు మండేది. తస్నీమ్ మాత్రం, ఫరవాలేదు, మెట్ల కింద నీడుంటుంది అనేది.

ఇక ఆ పిల్ల ఇంటి సంగతి చెప్పాలి. తస్నీమ్ వాళ్ళ ఊరు ఎల్ ఫాషర్. అక్కడి యుద్ధం టీవీలో వచ్చేది కాదు, ఇంటి కప్పు మీద పడేది. బడులు మూతపడ్డాయని తండ్రి కూతుర్ని తనతో తెచ్చుకున్నాడు. అమ్మ రాలేకపోయింది, ఆవిడ తల్లి మంచం మీద ఉంది, చంకలో పిల్లాడు ఉన్నాడు. తస్నీమ్ తమ్ముడు, పేరు ఆదం. ముసలావిడ పోయాక ఇంక ఊళ్ళో ఉండలేక, పిల్లాణ్ణి ఎత్తుకుని తవీలా అనే ఊరికి నడిచిపోతున్నానని అమ్మ కబురు పెట్టింది. చేరగానే ఫోన్ చేస్తానంది. ఏప్రిల్‌లో పెట్టిన కబురది. మే రెండో వారమొచ్చింది. ఫోన్ లేదు.

అప్పటినించీ తస్నీమ్‌కి కాలు ఒకచోట నిలవలేదు. ఫోన్ చేత్తో పట్టుకుని మెట్లెక్కేది, దిగేది, పిట్టగోడ దగ్గర చెయ్యి పైకెత్తి సిగ్నల్ చూసేది, మళ్ళీ దిగేది. స్నానానికి పోతే ఫోన్ పరిమళకిచ్చి పోయేది. దానికి తోడు పరిమళ. తినబోయిన ముద్ద కంచంలో వదిలేసి, "మోగిందా?" అని కేకేసేది. ఇద్దరూ కాలుగాలిన పిల్లుల్లా ఇల్లంతా తిరుగుతుంటే అవ్వకి తల తిరిగేది. బడికి వేసవి సెలవులు కదా, పొద్దున్నే తస్నీమ్ తండ్రితో కాలాపేట బస్సెక్కేది. యూనివర్సిటీలో వాళ్ళ దేశం పిల్లలు ఇంకొందరున్నారు, అక్కడ ఎవరికి ఏ కబురొచ్చినా అందరికీ తెలుస్తుంది. మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్ళు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కుప్పన్ వచ్చి అరుగు మీద కూచున్నాడు.

"సౌభాగ్యమక్కా, కోపం చేసుకోవద్దు. గ్రూపులో ఏమొచ్చిందో తెలుసు గదా. యుద్ధం టైములో ఫారినోళ్ళని ఇంట్లో పెట్టుకుంటే పోలీసోళ్ళు వస్తారంట. ఓనరుకే చిక్కంట."

"ఎవురు చెప్పినారు?" అంది అవ్వ.

"అంతా చెప్తా ఉండారు."

ఆ 'అంతా' ఎవరో అవ్వ అడగలేదు. ఒంటరి ముసలిది, పోలీసు అనే మాట ఒక్కటీ చాలు. కుప్పన్ అటు పోగానే ఇటు మనవరాలితో చెప్పేసింది. ఈ నెలాఖరుకి మిద్దె ఖాళీ చెయ్యమంటాను. రేపు తెల్లారకముందే అరియాంకుప్పం పోయి చెల్లెలితో మాట్లాడతాను, దాని ఎరుకలో ఎవరో బాడుగకి ఇల్లు చూస్తున్నారట.

పరిమళ ఒంటికాలి మీద లేచింది. "యాడికి పొమ్మంటావు వాళ్ళని? ఈ టైములో వాళ్ళకి ఇంకో ఇల్లు ఎవురిస్తారు? వాళ్ళమ్మ ఉందో లేదో తెలీదు, నువ్వు ఇల్లు ఖాళీ చెయ్యమంటావా!"

"నేనేం రాయినా? నాకూ పాపమే. కానీ నాకు భయంగా ఉండాది బిడ్డా."

"అయితే ఈ ఇంటికి ఇంక నేను ముగ్గెయ్యను!"

"ఎయ్యకపో" అంది అవ్వ, పక్క దులుపుకుంటూ. మనవరాలి సంగతి ఆమెకి తెలీదా! రాత్రి మానేసిన అన్నం పొద్దున రెండింతలు తినే పిల్ల. రేపు తెల్లారితే అదే లేస్తుంది, అదే వేస్తుంది అనుకుంది.

వెయ్యలేదు. అవ్వ తొలి బస్సుకి వెళ్ళిపోయింది. తండ్రీకూతుళ్ళు కాలాపేట వెళ్ళిపోయారు. చీకట్లోనే మిద్దె దిగి పక్కసందులోంచి పోయారు, అందుకని వాకిలి చూడలేదు. పరిమళ దుప్పటి తలమీదకి లాక్కుని పంతంగా పడుకుంది, అలా పంతంగానే నిద్రపోయింది.

ఎదురింటి రుక్మణి మల్లెపూలు కట్టి అమ్ముతుంది. వీధిలో తొలి తలుపు ఆవిడదే. పూలబుట్ట ఎత్తుకుని బయటికి వచ్చి, ఎదురుగా చూసి, బుట్ట మళ్ళీ దించేసింది. సౌభాగ్యం వాకిలి పొడిగా ఉంది. చిమ్మలేదు, నీళ్ళు చల్లలేదు, ముగ్గు లేదు. తన పెళ్ళినాటినించీ ఆ వాకిలి అలా ఉండగా చూసింది ఒక్కసారే, సౌభాగ్యం మొగుడు పోయినప్పుడు. రుక్మణి గబగబా పోయి కుప్పన్ తలుపు తట్టింది.

కుప్పన్ లెక్కలు వేశాడు. సౌభాగ్యమక్క కాదు, ఆమె చీకటితో బస్సుకి పరుగెత్తడం పాలబ్బాయి చూశాడు. పరిమళ కాదు, కిటికీలోంచి దాని గురక వినిపిస్తోంది. యానాంలో ఉన్న కొడుకూ కాదు, ఇప్పుడే గ్రూపులో గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టాడు. మరి ఆ ఇంట్లో ఇంకెవరు? ఇద్దరూ ఒకేసారి తలెత్తి మిద్దె వంక చూశారు. తలుపుకి తాళం.

"అయ్యో దేవుడా" అంది రుక్మణి. "ఆ పిల్ల తల్లి."

ఇక్కడ కుప్పన్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆయన పిరికివాడే, నోటి దూలవాడే. కానీ ఎవరింట్లో చావైనా ముందు పరుగెత్తేది ఆయనే. ఎవరు, ఏ కులం, నిన్న తనని తిట్టారా అనేది చూడడు. పోయి సందు చివర అద్దె కొట్టు తెరిపించాడు, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు తలమీద పెట్టుకుని మోసుకొచ్చాడు, సౌభాగ్యం వాకిట్లో వరసగా వేశాడు. రుక్మణి పొయ్యి మీద పులిహోర పెట్టింది, చావింట్లో పొయ్యి వెలగదు కదా. ఆ వంకా ఈ వంకా ఇళ్ళవాళ్ళు వచ్చి కూచున్నారు. గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

కుర్చీలు ఈడ్చిన చప్పుడుకే పరిమళకి మెలకువ వచ్చింది. తలుపు తీసేసరికి రుక్మణి దాన్ని గట్టిగా కావిలించుకుంది.

"ఆ పిల్లకి తెలుసునా బిడ్డా? యాడుంది అది?"

"ఏంది అత్తా? ఏమయింది?"

"సుమ్మా, ఊరికే దాచొద్దులే. మాకు తెలిసిపోయింది. దాని తల్లి పొయ్యింది గదా."

పరిమళకి గుండె గుభేలుమంది. తను నిద్రపోయినప్పుడు కబురొచ్చిందా! "ఎవురు చెప్పినారు?" అంది.

"ఎవురు చెప్పల్ల? వాకిలి చూస్తే తెలీదా?"

పరిమళ వాకిలి చూసింది. కుర్చీల కాళ్ళ మధ్య పొడి నేల. అప్పుడర్థమైంది దానికి. ఎవరూ పోలేదు. కబురేమీ రాలేదు. తను పంతానికి మానేసిన పని ఇలా నడిచొచ్చి కుర్చీలేసుకు కూచుంది. చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే కుప్పన్ దాని ఎదురుగా వచ్చి నించున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పాపా, మీ అవ్వ రాంగానే చెప్పు. నిన్న నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దని. తల్లి పొయ్యిన బిడ్డని ఎవురన్నా ఇంట్లోంచి పంపిస్తారా? వాళ్ళని ఈడనే ఉండనీ. ఎవురన్నా వచ్చి అడిగితే నేనుండాను."

తెరిచిన నోరు మూతపడింది. నిన్న రాత్రంతా పరిమళ కోరుకున్నది ఇదే కదా! అరిచినా, ఏడ్చినా రానిది ఇప్పుడు దానంతటదే వచ్చి ఒళ్ళో పడింది. నిజం చెప్పిందా, కుర్చీలు వెళ్ళిపోతాయి, వాటి వెంటే ఈ మంచితనమూ వెళ్ళిపోతుంది, నెలాఖరుకి తస్నీమ్ వెళ్ళిపోతుంది. ఒక్క వారం, అంతే, వాళ్ళు అలా అనుకుంటే ఏం పోయింది? తర్వాత తప్పుడు కబురని చెప్పొచ్చు. తనకి ఫోన్ లేకపోయినా, బస్టాపులోనే తస్నీమ్‌ని ఆపి చెవిలో వేసేస్తే సరి, అదీ నవ్వుతుంది. పరిమళ లోపలికి పోయి అందరికీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఎవరో ఒకావిడ, "చిన్న పిల్లోడు కూడా పొయ్యినాడా?" అని అడిగింది. పరిమళ తెలీదన్నట్టు తల ఊపింది. తను ఇప్పుడు ఆదంని కూడా చంపేసింది కదా! వీడియో కాల్‌లో తనని చూసి నాలుక బయటపెట్టే బుజ్జిగాడు. నించోలేకపోయింది, కూచోలేకపోయింది. వాకిట్లోకి, ఇంట్లోకి, మళ్ళీ వాకిట్లోకి. గడియారం చూసింది. మధ్యాహ్నం బస్సుకి ఇంకా టైముంది, అయినా ఇప్పుడే పోయి బస్టాపులో నించుంటే మంచిదని చెప్పులేసుకుంది. అప్పుడే వీధి మలుపులో ఆటో దిగింది అవ్వ.

దిగిన అవ్వకి ముందు కుర్చీలు కనబడ్డాయి. తన వాకిట్లో ఎర్ర కుర్చీలు, వాటి నిండా మనుషులు. పొద్దున పోతూ పోతూ దుప్పటి కప్పొచ్చిన మనవరాలు కనబడలేదు. చేతిసంచి జారిపోయింది. "పరిమళా!" అని ఒక కేక పెట్టింది చూడండి, ఆ వీధిలో ఆ కేక మర్చిపోయినవాళ్ళు లేరు. గోడకి ఆనుకుపోయింది. పరిమళ పరుగెత్తింది. అవ్వ దాని మొహం రెండు చేతుల్తో పట్టుకుని బుగ్గలు, ముక్కు, జుట్టు తడిమింది.

"నువ్వుండావా? నువ్వుండావా? మరి ఎవురే? మీ నాయనా?"

"ఎవురూ లేదవ్వా, ఎవురూ లేదు. లోపలికి రా."

లోపల మంచం మీద కూచోబెట్టి, నీళ్ళు తాగించి, చెవిలో ఉన్నదున్నట్టు చెప్పేసింది. అవ్వ చెయ్యెత్తింది. వేసేదే ఒకటి చెంప మీద. కానీ ఎత్తిన చెయ్యి ఇందాకటిలాగే దాని బుగ్గ తడిమి ఆగిపోయింది.

"కొంచంలో సచ్చిపొయ్యేదాన్నే" అంది, చిన్న గొంతుతో. "ఆ కుర్చీలు చూసేసరికి నా పానం యాడికో పొయ్యింది."

అప్పుడే బయట మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. పరిమళ కిటికీలోంచి చూసింది. బస్సు ముందే వచ్చేసింది. తండ్రి కొట్టు దగ్గర బ్రెడ్డు కొనడానికి ఆగినట్టున్నాడు, తస్నీమ్ ఒక్కతే వస్తోంది, ఈసారి సందులోంచి కాదు, ఎదురుగా.

మలుపులో ఆగిపోయింది. కుర్చీలు చూసింది. దాన్ని చూడగానే కూచున్నవాళ్ళంతా జాలిగా లేచి నించున్నారు. అంతకంటే ఇంకేం కావాలి? ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు. వంగి చేతిలో ఉన్న ఫోన్‌ని నేల మీద పెట్టేసింది. నెలరోజులుగా క్షణం వదలని ఫోన్. ఇంక దాంతో పనిలేదన్నట్టు పెట్టి, దాని పక్కనే నడివీధిలో కూలబడింది.

"లేదు!" అని అరుస్తూ పరిమళ బయటపడింది. ఒక కుర్చీ పడింది, ఇంకోటి పడింది. "ఎవురూ సావలా తస్నీమ్! కబురేం రాలా! నేను ముగ్గెయ్యలా, అంతే! కోపమొచ్చి ఎయ్యలా!"

తస్నీమ్ దాని మొహంలోకి చూసింది. "అబద్దం. మొదుట అందురూ అట్లే చెప్తారు. మా జద్దా పొయ్యినప్పుడూ నాకి అట్లే చెప్పినారు."

జద్దా అంటే వాళ్ళ అమ్మమ్మ. పరిమళ జనం వైపు తిరిగి వీధికంతటికీ వినబడేలా చెప్పేసింది. "అవ్వ వీళ్ళని ఖాళీ చెయ్యమంటానంది. అందుకే నేను ముగ్గెయ్యలా. మీరంతా సావనుకున్నారు. నాకు తెలుసు, అయినా నేను చెప్పలా. చెప్తే వీళ్ళని పంపించేస్తారని చెప్పలా! తప్పు నాదే!" అని భోరుమంది.

వీధి నోరెళ్ళబెట్టింది. "ఏం పిల్లవే నువ్వు!" అని కుప్పన్ పళ్ళు కొరికాడు. రుక్మణి చేతిలో పులిహోర గిన్నె అలాగే ఉండిపోయింది. తస్నీమ్‌కి మాత్రం ఇదేమీ ఎక్కినట్టు లేదు. వాళ్ళందరి కాళ్ళ మధ్యలోంచి పొడి నేలనే చూస్తోంది.

"సావకుంటే ముగ్గేది?" అంది.

గడప దగ్గర చప్పుడైంది. అవ్వ గోడ పట్టుకుని దిగుతోంది, చంకలో ముగ్గుపిండి డబ్బా. కుర్చీలు దాటుకుని, ఒక్కో అడుగుకీ మూలుగుతూ, నడివీధిలోకి వచ్చి తస్నీమ్ ముందు నించుంది. డబ్బా దాని ఒళ్ళో పెట్టింది.

"లేయ్. నువ్వే ఎయ్యి."

తస్నీమ్ తలెత్తింది. "మెట్ల కిందనా?"

అవ్వ మొహం ఒక్క క్షణం ముడుచుకుపోయింది. సిగ్గేసింది, ఆ సిగ్గు అందరికీ కనబడింది. "కాదు బిడ్డా. వాకిట్లో. నడి వాకిట్లో ఎయ్యి" అంది. "మీ అమ్మ సంగతి ఏమన్నా కబురొచ్చిందా?"

"లేదు."

"రాలేదు గదా. కబురు రానంతవరకు మీ అమ్మ ఉండాది. నీ తమ్ముడూ ఉండాడు. మనుషులుండే ఇంటికి ముగ్గుండల్ల. లేయ్, నేను వంగలేను."

తస్నీమ్ లేచింది. ఫోన్ తీసుకుని దుమ్ము తుడిచింది. అప్పుడే మలుపు తిరిగిన ఇద్రీస్ ఆ జనాన్ని, ఆ కుర్చీలని చూసి బ్రెడ్డు పొట్లం పిండేస్తూ పరుగెత్తుకొచ్చాడు. కుప్పన్ ఆయన చెయ్యి పట్టుకుని, "ఏం లేదు సార్, ఏం లేదు సార్" అని తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో చెప్తూనే ఉన్నాడు. ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"కుర్చీలెత్తు కుప్పా" అంది అవ్వ. "ఏసినోడివి నువ్వే గదా, నువ్వే ఎత్తు. అట్నే ఇంకోటి. ఎవురన్నా వచ్చి అడిగితే నువ్వుండావని పొద్దున చెప్పినావంట."

"అది... సావని గదక్కా అన్నాను."

"సచ్చినోళ్ళకి ఇచ్చే మాట బతికినోళ్ళకి ఇయ్యలేవా? ఆ మాట మీదనే ఉండు. నేనూ ఉంటాను."

కుప్పన్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి తలకెత్తుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం ఎండ. పరిమళ చిమ్మింది, నీళ్ళు చల్లింది. చల్లిన నీళ్ళు చల్లినట్టే ఆరిపోతుంటే మళ్ళీ చల్లింది. తస్నీమ్ చుక్కలు పెట్టింది. ఎంత సన్నగా గీసే పిల్ల, ఆరోజు గీతలన్నీ వంకర. పిండి ఒకచోట కుప్పగా పడింది, ఒకచోట తెగిపోయింది. తెగినచోట పరిమళ కలపబోతే తస్నీమ్ దాని చెయ్యి తోసేసింది. ముగ్గు అయ్యాక డబ్బా అవ్వకిచ్చి మిద్దెక్కిపోయింది. రుక్మణి పులిహోర పైకి పంపితే తండ్రి తిన్నాడు గానీ ఆ పిల్ల ముట్టలేదు.

ఆ సాయంత్రం పరిమళ మెట్ల కింద కూచుంది. పైన అడుగుల చప్పుడు వినబడుతోంది, పిట్టగోడ దాకా, మళ్ళీ వెనక్కి. రోజూ ఆ అడుగులు రెండు జతలు. ఎక్కి పోదామని లేచింది, మళ్ళీ కూచుంది. స్నేహితురాలి కోసమే చేశాననుకుంది గానీ, చేస్తున్నప్పుడు దాని అమ్మ గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అది తల్చుకుంటే దానికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఏడుపొచ్చింది, కానీ ఆరోజు ఏడవడానికి కూడా తనకి హక్కు లేదనిపించింది. అన్నం మాత్రం మానలేదు. అవ్వ పెట్టింది పెట్టినట్టు తినేసింది.

మర్నాడు చీకటి విడవకముందే లేచి తలుపు తీసింది. వాకిట్లో చీపురు చప్పుడు. తస్నీమ్ అప్పటికే సగం చిమ్మేసింది. భుజానికి తగిలించుకున్న సంచిలో ఫోన్ వెలుగుతోంది. పరిమళ గడప మీదే నించుండిపోయింది, పోవాలో రావాలో తెలీక. తస్నీమ్ వెనక్కి తిరగకుండానే అంది, "నీళ్ళు చల్లు."

పరిమళ బకెట్ తెచ్చి చల్లింది. ఇద్దరూ చెరో పక్కనించీ గీతలు మొదలుపెట్టారు. కాలాపేట బస్సుకి టైమవుతున్నా ఇద్రీస్ మెట్ల మీద నించుని, అది అయ్యేదాకా ఆగాడు. అవ్వ అరుగు మీద కూచుని చూసింది. వంకలేమీ పెట్టలేదు.

ఆరోజు కూడా ఫోన్ రాలేదు. మర్నాడు వాకిట్లో ముగ్గు ఉంది. ఆ మర్నాడూ ఉంది.